గట్టు దారిన పోతేనే కోనసీమ

కత్తిపూడి నుంచి ఒంగోలు దాకా సాగే 216వ నంబరు జాతీయ రహదారి అమలాపురం, రాజోలు మీదుగానే పోతుంది. అయినా దాని మీద దూసుకుపోయేవాళ్లు కోనసీమను దాటతారే గానీ చూడరు. గోదావరి పాయల మధ్య నిలిచిన ఈ సీమకు 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట కాలవలే ప్రాణం. చాలా ఊళ్లకు వాటి గట్లే దారులు. రావులపాలెం నుంచి కొత్తపేట, పి.గన్నవరం మీదుగా వెళితే, వైనతేయ పాయ పైనుంచి కాలవ నీటిని రాజోలు వైపు దాటించే అక్విడక్టు కనబడుతుంది. ఏరు మీద కాలవ పారడం చూశాకే ఇక్కడి వరిచేలకూ కొబ్బరితోటలకూ నీరెలా అందుతోందో బోధపడుతుంది. గట్టు రోడ్లు ఇరుకనీ, చీకట్లో బండి కాలవలో పడే ప్రమాదముందనీ అంటారు. నిజమే, కనుక పగలే, నెమ్మదిగా వెళ్లాలి, కొబ్బరికాయల ట్రాక్టరొస్తే ఆగి దారివ్వాలి. సరుకు లారీకీ అంబులెన్సుకూ హైవే కావలసిందే, దాన్నెవరూ కాదనరు. ఊరు చూడ్డానికని బయల్దేరినవాళ్లు మాత్రం గంట మిగుల్చుకోవడానికి ఆ ఊరినే వదులుకోవడం తెలివైన బేరం కాదు.