మూగబోయిన కంప్యూటర్‌కు కార్డే మందా?

సూరత్‌లోని లింబాయత్, ఉధనా వైపు పవర్‌లూములనూ బట్టల మార్కెట్లనూ నమ్ముకుని బతుకుతున్న తెలుగు కుటుంబాలు తక్కువేం కాదు. పిల్లల చదువుకో, చీరల డిజైన్లకో ఆ ఇళ్లలో పాత కంప్యూటర్ కొత్త మదర్‌బోర్డుతో మళ్లీ లేస్తుంది. బొమ్మ వస్తుంది, మాట రాదు. వెంటనే సౌండ్ కార్డు కొనిపించడం తొందరపాటు, చాలాసార్లు దండగ కూడా. ఇప్పటి మదర్‌బోర్డుల్లో సౌండ్ చిప్ ఎలాగూ ఉంటుంది. తరచూ జరిగేది వేరు: మానిటర్‌ను హెచ్‌డీఎంఐ తీగతో కలపగానే విండోస్ శబ్దాన్ని కూడా అటే మళ్లిస్తుంది, ఆ మానిటర్‌కేమో స్పీకర్లే ఉండవు! టాస్క్‌బార్‌లో స్పీకర్ బొమ్మ నొక్కి, అవుట్‌పుట్‌గా బోర్డు సౌండ్ చిప్ పేరును (సాధారణంగా రియల్‌టెక్) ఎంచుకుంటే పైసా ఖర్చు లేకుండా పని అయిపోతుంది. ఆ పేరే కనిపించకపోతే బయోస్‌లో ఆడియో ఆపేసి ఉందేమో చూసి, బోర్డు కంపెనీ ఇచ్చే డ్రైవర్ వేయాలి. స్పీకర్ పిన్ను వెనకవైపు లేతాకుపచ్చ రంధ్రంలోనే ఉండాలి, గులాబీ రంగుది మైకుకు. వెనక మోగి ముందు హెడ్‌ఫోన్ పలకకపోతే అనుమానం క్యాబినెట్ తీగ మీదికి పోవాలి. పాత క్యాబినెట్లలో ఆ తీగకు ఏసీ97, హెచ్‌డీ ఆడియో అని రెండు ప్లగ్గులుంటాయి. ఇంటెల్ 2004లో తెచ్చిన రెండో పద్ధతే నేటి బోర్డులది, కాబట్టి ఆ ప్లగ్గే పెట్టాలి. ఇవేవీ చూడకుండానే కార్డు అంటగట్టబోయే మెకానిక్‌ను, “ముందు సెట్టింగ్ చూపించన్నా” అని నిలదీయండి.