తప్పు బర్రెదేనా?

'అచ్చోసిన ఆంబోతులా తిరుగుతున్నావేంట్రా!'... పనీపాటా లేని కొడుకును తిట్టాలంటే పెద్దవాళ్లకు ముందు గుర్తొచ్చే మాట ఇదే. నిజానికి ఆ ఆంబోతుకు ఊళ్లో ఒకప్పుడు పెద్ద ఉద్యోగమే ఉండేది. దేవుడి పేరు మీద ముద్ర వేసి వదిలిన కోడెను ఎవరూ కొట్టరు, కట్టెయ్యరు. ఎవరి చేలో పడి మేసినా 'పోనీలే' అనుకుంటారు. బదులుగా ఊరి ఆవుల్ని చూడి కట్టించే బాధ్యత దానిది. మేతే జీతం!

మరి ఆ ఉద్యోగి ఒంట్లో ఎలా ఉందో ఎవరైనా చూశారా?

ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మెట్ట రైతుకు వాన మొహం చాటేసిన ఏడాది చేతిలో నాలుగు డబ్బులు ఆడేది పాల మీదే. ఎదకొచ్చిన బర్రెను దున్నపోతు దగ్గరికి తోలుకెళ్తాడు. ఇరవై ఒక్క రోజులకు అది మళ్లీ ఎదకొస్తుంది. మళ్లీ తోలుకెళ్తాడు. మూడోసారీ పొర్లిందంటే ఇంటిల్లిపాదీ తీర్పు చెప్పేస్తారు... 'ఇది గొడ్డుపోయింది!' ఆపైన సంతే దిక్కు. తప్పు దున్నపోతుదేమోనన్న అనుమానం మాత్రం ఎవరికీ రాదు. మనుషుల్లోనూ అంతేగా... పిల్లలు పుట్టకపోతే ముందు కోడలికే పరీక్షలు! బర్రెకు జబ్బు చేస్తే నష్టం ఒక్క ఇంటికి. దున్నపోతుకు చేస్తే ఊరికంతటికీ.

ఆంబోతుకు మొదటి శత్రువు ఎండ. వీర్యకణాలు తయారవ్వాలంటే వృషణాలు ఒంటికన్నా నాలుగైదు డిగ్రీలు చల్లగా ఉండాలి. శరీరం బయట అవి వేలాడేది అందుకే. పాలమూరు ఎండల్లో నీడా నీళ్లూ లేకుండా నిలబెడితే ఆ ఏర్పాటు దెబ్బతింటుంది. నల్లటి తోలు, తక్కువ చెమట గ్రంథులు ఉన్న దున్నపోతుకు ఈ బాధ మరీ ఎక్కువ. తమాషా ఏంటంటే, దెబ్బ వెంటనే తెలియదు. వీర్యకణం తయారవ్వడానికి దాదాపు రెండు నెలలు పడుతుంది. మేలో తగిలిన ఎండ ఫలితం జులైలో బయటపడుతుంది. అప్పటికి వానలు పడి, పచ్చిగడ్డి మేసి దున్నపోతు నిగనిగలాడుతుంటుంది. దాన్నెవరు అనుమానిస్తారు! గాలికుంటులాంటి జబ్బుల్లో వచ్చే తీవ్ర జ్వరమూ ఇదే పని చేస్తుంది. 2022లో దేశంలో ఎన్నో చోట్ల పశువుల్ని పొట్టనబెట్టుకున్న ముద్దచర్మ వ్యాధిలో అయితే వైరస్ వీర్యంలోకి కూడా చేరుతుంది.

అన్నిటికన్నా భయపెట్టేది ఈసుడు రోగం. బ్రూసెల్లోసిస్ అంటారు డాక్టర్లు. చూడి పశువు ఆరో నెల దాటాక ఈసుకుపోతుంది. ఆంబోతులో వృషణాలు వాచిపోవచ్చు, పైకి ఏమీ కనిపించకపోనూవచ్చు. ఇది మనుషులకూ అంటుకుంటుంది. ఈసుకుపోయిన పిండాన్నీ మాయనూ ఉత్త చేతుల్తో ఎత్తినా, పచ్చిపాలు తాగినా వారాల తరబడి వచ్చిపోయే జ్వరం, కీళ్లనొప్పులు పట్టుకోవచ్చు. దీనికి టీకా ఉంది. నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసులోపు పెయ్యదూడలకు ఒక్కసారి వేయిస్తే చాలు. మగదూడలకు మాత్రం వేయించకూడదు. ఆ టీకాయే వాటి వృషణాలను దెబ్బతీయవచ్చు.

ట్రైకొమోనియాసిస్, విబ్రియోసిస్ అని ఇంకో రెండున్నాయి. ఇవి గుట్టుగా సంసారం చేసే జబ్బులు. ఆంబోతుకు నొప్పీ ఉండదు, జ్వరమూ ఉండదు. దాటిన ప్రతి ఆవుకూ అంటిస్తూ పోతుంది, అంతే. ఒకే ఆంబోతు దగ్గరికి వెళ్లిన మూడు నాలుగు పశువులు వరసగా పొర్లుతుంటే ముందు పరీక్ష చేయించాల్సింది ఆంబోతుకే.

'ఎదసూది ఉందిగా, ఇంకా ఈ గోలెందుకు' అనొచ్చు. నిజమే. కరీంనగర్‌లోని ఘనీకృత వీర్య కేంద్రంలాంటి చోట కొత్త ఆంబోతును తెచ్చిన వెంటనే మందలో కలపరు. కొన్ని వారాలు విడిగా ఉంచి క్షయ, బ్రూసెల్లోసిస్‌లాంటి జబ్బులు లేవని తేలాకే లోపలికి రానిస్తారు. ఆ తర్వాతా పరీక్షలు తప్పవు. మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో నిల్వచేసే సన్నటి గొట్టంలో పట్టేది పావు మిల్లీలీటరే. అందులో రెండు కోట్ల వీర్యకణాలుంటాయి. అయితే ఎదను కనిపెట్టడం ఆలస్యమైనా, గోపాలమిత్ర సమయానికి రాకపోయినా ఆ రెండు కోట్లూ వృథాయే. అందుకే చాలా ఊళ్లు ఇప్పటికీ దున్నపోతును వదులుకోలేవు.

నల్లమలలో కథ ఇంకోటి. అమ్రాబాద్ పీఠభూమిలో, అంటే ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లాలో, పొడలు పొడలుగా తెల్లమచ్చలుండే 'పొడ తూర్పు' పశువులుంటాయి. తెలంగాణ నుంచి జాతీయ గుర్తింపు పొందిన ఈ జాతి ఎడ్లంటే రాళ్ల నేల దున్నే రైతుకు ప్రాణం. అడవిలో మేసే మందకు సూది వేయడం కుదిరే పని కాదు. మందలో కోడే గతి. చిక్కల్లా ఏంటంటే, ఎంత మంచి కోడె అయితే అంత తొందరగా ఎద్దుగా అమ్ముడుపోతుంది! బాగున్నవన్నీ బేరానికి వెళ్లిపోతే, మిగిలిందే మందకు తండ్రి. అదే కోడె ఏళ్ల తరబడి ఉంటే సొంత కూతుళ్లనే దాటుతుంది. మూడు నాలుగేళ్లకోసారి ఊరికీ ఊరికీ కోడెల్ని మార్చుకుంటే ఆ తిప్పలు తప్పుతాయి.

కోడెను ఎంచుకునేటప్పుడు పశువైద్యులు కొలిచేది వృషణాల చుట్టుకొలత. వయసుకు తగ్గ కొలత ఉందా, రెండూ సమానంగా ఉన్నాయా, గట్టిపడ్డాయా అని చేత్తో తడిమి చూస్తారు. వెనక కాళ్లూ గిట్టలూ చూస్తారు, బరువంతా వాటి మీదే కాబట్టి. టేపు పెట్టి కొలవడానికి రెండు నిమిషాలు పట్టదు. సంతలో మాత్రం పళ్లు చూస్తారు, కొమ్ములు చూస్తారు, మూపురం నిమురుతారు, నుదుటి మీద సుడి ఎటు తిరిగిందోనని అరగంట వాదించుకుంటారు. తోక పక్కకు తీసి చూసేవాళ్లు మాత్రం వెతికినా దొరకరు.