రోజూ తుడిస్తే కారు రంగు నిలుస్తుందా?

తెల్లవారకముందే మన నగరాల అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో ఒక పని మొదలవుతుంది. ఒక బకెట్టు నీళ్లు, ఒక పాత గుడ్డ, వరసగా పది పదిహేను కార్లు. ఏడు గంటలకల్లా అన్నీ తళతళలాడుతుంటాయి. కారు రంగు పదికాలాలు నిలవాలంటే రోజూ తుడిపించాలని చాలామంది యజమానులు నమ్ముతారు. పదార్థ విజ్ఞానం చెప్పేది వేరు. కారు మెరుపు తగ్గడానికి ముఖ్య కారణాల్లో ఈ రోజువారీ తుడవడం ఒకటి.

ఫ్యాక్టరీలో ఉక్కు రేకుపై సాధారణంగా నాలుగు పూతలు వేస్తారు. తుప్పును ఆపేది ఒకటి, దాని మీద ప్రైమర్, ఆపైన రంగునిచ్చే బేస్ కోట్, అన్నిటికంటే పైన పారదర్శకమైన క్లియర్ కోట్. అన్నీ కలిపినా మందం సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. అందులో క్లియర్ కోట్ వాటా దాదాపు 35 నుంచి 50 మైక్రాన్లు, అంటే మామూలు తల వెంట్రుక కంటే సన్నం. కంటికి కనిపించే మెరుపు ఈ పొరదే. ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే రసాయనాలు ఉండేదీ ఇందులోనే. అయితే ఇది ప్లాస్టిక్ జాతికి చెందిన పాలిమర్. గట్టి రేణువు ఒరుసుకుంటే గీత పడక తప్పదు.

మన రోడ్ల దుమ్ములో అలాంటి రేణువులకు కొదవ లేదు. ఇసుకలో ఎక్కువగా ఉండేది పలుగురాయి, అంటే క్వార్ట్జ్. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలుపై దాని స్థానం 7. అది గాజునే గీయగలదు. దుమ్ము పట్టిన కారును పొడిగుడ్డతో తుడవడమంటే సన్నటి గరుకు కాగితంతో రుద్దడం లాంటిదే. ఒకే బకెట్టులో ముంచి తీసిన గుడ్డ కూడా అంతకంటే మెరుగేమీ కాదు. మొదటి కారు మట్టి రెండో కారుకు, రెండోదాని మట్టి మూడోదానికి చేరుతుంది.

ఎండలో నల్ల కారు బానెట్‌పై సాలెగూడులా కనిపించే గుండ్రటి గీతలు ఇలా వచ్చినవే. నిజానికి అవి గుండ్రంగా ఉండవు, అన్ని దిక్కులా అడ్డదిడ్డంగా ఉంటాయి. వాటిలో వెలుగు ప్రతిబింబానికి చుట్టూ అమరినవి మాత్రమే కాంతిని మన కంటివైపు మళ్లిస్తాయి. అందుకే కన్ను వాటిని వలయాలుగా చూస్తుంది. పీచుతో తోమిన స్టీలు పళ్లెంలో బల్బు వెలుగు చుట్టూ కనిపించే వలయాలకూ కారణం ఇదే.

ఈ గీతలు పోవాలంటే పాలిష్ చేయించాలి. పాలిష్ గీతను పూడ్చదు, దాని చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ను అరగదీసి చదును చేస్తుంది. అసలే సన్నటి పొర ప్రతిసారీ మరికొంత తరుగుతుంది. ఏటా పాలిష్ చేయించడం కంటే గీత పడకుండా చూసుకోవడం మేలు.

ఇక్కడే మార్కెట్ ‘9హెచ్ సిరామిక్ కోటింగ్’తో ముందుకొస్తుంది. ఆ 9 వినగానే మోస్ స్కేలుపై కెంపు, నీలాల స్థానమైన 9 గుర్తుకు రావచ్చు. రెండింటికీ సంబంధం లేదు. 9హెచ్ అనేది పెన్సిల్ పరీక్ష ఫలితం. రకరకాల గట్టిదనం ఉన్న పెన్సిళ్లతో పూతను గీసి చూస్తారు. ఆ వరసలో అతి గట్టి పెన్సిల్ 9హెచ్. దాని ములుకు గ్రాఫైట్, బంకమట్టి కలిపి చేసినది. ఇసుకరేణువు దానికంటే చాలా గట్టిది. సిరామిక్ పూత వల్ల ప్రయోజనం లేదని కాదు. నీరు జారిపోతుంది, మురికి సులువుగా వదులుతుంది. రాళ్ల దెబ్బల నుంచి, పొడిగుడ్డ నుంచి కాపాడుతుందనుకుంటే మాత్రం వేల రూపాయలు వృథా.

రోజూ తిరిగే కారుకు కావలసింది ఇంతకంటే చవక. వారానికో, పది రోజులకో ఒకసారి నీడలో, బానెట్ చల్లారాక కడగాలి. ముందు నీళ్లు పోసి ఇసుకను వదిలించాకే గుడ్డ తగలాలి. రెండు బకెట్లు వాడాలి. ఒకటి కారు షాంపూ నీళ్లకు, రెండోది గుడ్డలోని మట్టి వదిలించడానికి. మైక్రోఫైబర్ గుడ్డతో పైనుంచి కిందికి రావాలి. చక్రాలకు వేరే గుడ్డ ఉండాలి. బోరు నీళ్లతో కడిగితే వెంటనే ఆరబెట్టాలి, లేకపోతే కాల్షియం, మెగ్నీషియం లవణాలు తెల్లమచ్చలుగా మిగులుతాయి. రెండు మూడు నెలలకోసారి చేత్తో వ్యాక్స్ పూస్తే చాలు.

వారం దాకా ఆగకూడనిది పక్షి రెట్ట. ఎండకు పూత మెత్తబడి వ్యాకోచిస్తుంది, పైన రెట్ట ఎండి గట్టిపడుతుంది. సాయంత్రం పూత చల్లబడి కుంచించుకునేటప్పుడు ఆ ఆకారం దానిపై అచ్చుపడిపోతుంది. అందుకే కనిపించిన వెంటనే తడిగుడ్డను కాసేపు దానిపై ఉంచి, నానాక మెల్లగా ఎత్తేయాలి. గోకకూడదు.

ఇది ఒక్క మెరుపు గొడవే కాదు. 2024 మార్చిలో నీటి ఎద్దడి ముదిరినప్పుడు బెంగళూరు జలమండలి తాగునీటితో వాహనాలు కడగడాన్ని నిషేధించి, 5,000 రూపాయల జరిమానా ప్రకటించింది. వేసవి వస్తే ట్యాంకర్ల కోసం ఎదురుచూసే హైదరాబాద్ కాలనీలకూ ఆ పరిస్థితి కొత్తది కాదు. రోజూ ఒక బకెట్టు చొప్పున నెలకు 30 బకెట్లు ఖర్చు చేసి, ఆ నీళ్లతోనే కారును గీతలపాలు చేయడంలో అర్థం లేదు.

తప్పు తెల్లవారుజామున లేచి తుడిచే మనిషిది కాదు. ఒక్క బకెట్టుతో, ఒక్క గుడ్డతో రోజూ తుడవమని అడుగుతున్నది యజమానులే. నెల జీతం పైసా తగ్గించకుండా, ‘రోజూ వద్దు, వారానికోసారి బాగా కడుగు’ అని చెప్పి, రెండో బకెట్టు, నాలుగు మంచి గుడ్డలు కొనిస్తే సరిపోతుంది. మధ్యలో కారుపై కాస్త దుమ్ము కనిపిస్తే కనిపించనివ్వాలి. తాకకుండా వదిలేసిన దుమ్ము గీతలు పెట్టదు.