ఆదివారం అరగంట

చీర కొనడానికి చిక్కపేట వెళ్ళి, కట్టుకున్న చీర చింపుకుని వచ్చాం! సందు మలుపులో మా శ్రీమతి కొంగు మోటారుసైకిలు వెనక చక్రంలో చిక్కుకుంది. బండి నెమ్మదిగా వెళ్తోంది గనుక మనిషికి దెబ్బ తగల్లేదు. శారీగార్డు బోల్టు ఊడి నెలయినా "రేపు చూద్దాం" అన్నది నేనే. బ్యాంకులో ఊరందరి బకాయిలు లెక్కగట్టేవాడికి ఇంటి బకాయి కనబడలేదు.

అప్పట్నుంచి ఆదివారం అరగంట బండిదే. ముందు ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకుంటాను. తిరిగే చైను దగ్గర వేళ్ళు పెట్టరాదు. గార్డు బోల్టులు బిగించి, చైను కిరోసిన్‌తో తుడిచి, ఆరాక గేర్ ఆయిల్ వేస్తాను. చైను కింది వరస మధ్యలో కదిపితే చాలా బళ్ళకు 20-30 మిల్లీమీటర్లు ఆడాలి. బండితో ఇచ్చిన పుస్తకంలోని కొలతే ఖాయం. మరీ బిగిస్తే బేరింగులు అరుగుతాయి, వదులైతే చైను జారుతుంది.

ఆ చిరిగిన చీర బీరువాలోనే ఉంది. నేను బద్ధకిస్తే మా శ్రీమతి ఏమీ అనదు, బీరువా తలుపు తీస్తుంది.