పెరటిలో రెండు దానిమ్మలు

మా పెరటిలో దానిమ్మలు రెండు: ఒకటి గణేశ్, మరొకటి భగవా. పుణేలోని గణేశ్‌ఖిండ్ తోటలో 1936లో డాక్టర్ చీమా ఆళంది రకం నుండి ఎన్నిక చేసినది గణేశ్. భగవా ఈ శతాబ్దపు తొలి సంవత్సరాలలో రాహురి వ్యవసాయ విశ్వవిద్యాలయం విడుదల చేసినది. మరాఠీలో భగవా అంటే కాషాయం. పండు చూస్తే కుంకుమ. అనువాదకుణ్ణి గనుక ఆ పేరు వద్ద ఒక్కక్షణం ఆగుతాను.

అంగడిలో భగవాదే రాజ్యం. తొక్క మందం, దూరప్రయాణానికి తట్టుకొంటుంది. గణేశ్ గింజ లేత గులాబి. పళ్లెంలో పోస్తే వెలవెలబోతుంది. దానిని తీసివేసి మరో భగవా నాటుదామని నిరుడు పలుగు పట్టాను. అమ్మ అడ్డుపడింది. ఆమెకు మిగిలినవి నాలుగే పళ్లు.

“నేను నమిలేది విత్తును నాయనా, రంగును కాదు,” అన్నది. నిజమే, గణేశ్ విత్తు మరింత మెత్తన.

ఈ వేసవిలో పదిహేను రోజులు ఊరికి వెళ్లి, తిరిగి రాగానే ఎండిన పాదులు నిండా తడిపాను. బిగిసిన తొక్కలోపల గింజలు ఒక్కసారిగా ఉబ్బి, మూడవనాటికి ఆరు గణేశ్ కాయలు పగిలాయి. తప్పు నాది, అమ్మ ఏమీ అనలేదు. సీతాకోకచిలుక గ్రుడ్లు పెట్టకుండా మిగిలిన కాయలకు బట్టసంచులు కట్టించింది. రోజూ ఉదయం లెక్కపెట్టుకొంటున్నది: పదకొండు.