ట్యాక్స్ లేని దీవిలో అమ్మ గొలుసు

ట్యాక్సీ దిగి రెండు నిమిషాలు కాలేదు, నలుగురు పిలిచారు. "సిస్టర్, జస్ట్ లుక్" అని ఇద్దరు, "నమస్తే, ఆయియే" అని ఇంకో ఇద్దరు. నేనున్నది కరేబియన్ సముద్రం మధ్యలోనా, కోఠీలోనా అని ఒక్క క్షణం డౌటొచ్చింది.

ఆ దీవి పేరు సెయింట్ థామస్. ఊరి పేరు షార్లెట్ అమాలీ. 2024 ఫిబ్రవరిలో మా మూడో పెళ్లిరోజుకి మయామీలో ఏడు రాత్రుల క్రూయిజ్ ఎక్కాం. సెయింట్ థామస్‌లో ఓడ ఆగేది ఒక్క పూటే. అందరూ బీచ్‌కి పరిగెత్తితే నేను మా ఆయన్ని లాక్కుని నగల వీధికెళ్లా. ఎందుకంటే నా దగ్గర ఒక సీక్రెట్ ప్లాన్ ఉంది. 1,500 డాలర్ల ప్లాన్.

2017లో నేను ఎమ్మెస్‌కి వచ్చేటప్పుడు వీసా ఫీజు, ఫ్లయిట్ టికెట్ అన్నీ కలిపి డబ్బు సరిపోలేదు. అమ్మ తన మెడలోంచి నాలుగు కాసుల గొలుసు తీసి నాన్న చేతిలో పెట్టింది. వారం తర్వాత టికెట్ వచ్చింది. "గొలుసేదమ్మా?" అంటే, "పోన్లే, నీ ఉద్యోగం రాగానే ఇంకోటి కొంటావుగా" అంది. అమ్మేశారనే అనుకున్నా. అప్పట్నుంచి ఏ ఫొటోలో చూసినా అమ్మ మెడలో నల్లపూసలు మాత్రమే. ఆ ఖాళీ నాకు మాత్రం కనిపిస్తూనే ఉండేది.

డ్యూటీ ఫ్రీ దీవి కదా, అక్కడైతే చవగ్గా మంచి గొలుసు వస్తుందని డాలస్‌లో మా వాట్సాప్ గ్రూపు మొత్తం చెప్పింది. నమ్మేశా.

అసలు ఈ ఊరికి ఆ పేరెలా వచ్చిందో తెలిస్తే ఆశ్చర్యపోతారు. ఈ దీవి ఒకప్పుడు డెన్మార్క్‌ది. ఏ దేశం ఓడైనా సుంకం లేకుండా సరుకు దించుకోవచ్చని 18వ శతాబ్దంలోనే దీన్ని ఫ్రీ పోర్ట్ చేశారు. చక్కెర, రమ్ముతో పాటు మనుషుల్ని కూడా ఇక్కడ సరుకులా అమ్మారు. ఆ బానిసత్వం 1848లో గానీ పోలేదు. 1917లో అమెరికా ఈ దీవుల్ని 2.5 కోట్ల డాలర్ల విలువైన బంగారం ఇచ్చి డెన్మార్క్ దగ్గర కొనుక్కుంది. అంటే దీవినే బంగారంతో కొన్నారన్నమాట! మెయిన్ స్ట్రీట్‌కి పాత డేనిష్ పేరు ఇప్పటికీ ఉంది, ద్రోనింగెన్స్ గాడే. రాణిగారి వీధి అని అర్థం. రాతి గోడలు, దళసరి తలుపులు ఉన్న ఆనాటి గిడ్డంగులే ఇవాళ్టి వాచీల షాపులు, వజ్రాల షాపులు. కార్లు మనలాగే ఎడమవైపు నడుస్తాయి. షాపుల్లో చాలావాటి ఓనర్లు సింధీలు. అందుకే ఆ "నమస్తే".

ఇప్పుడు అసలు విషయం. డ్యూటీ ఫ్రీ అంటే ఏంటి? సెయింట్ థామస్ అమెరికాదే, కానీ అమెరికా కస్టమ్స్ గీతకి బయట ఉంటుంది. అందుకే షాపువాడు చెప్పే ధరలో ఆ దిగుమతి సుంకం కలవదు. పైగా అక్కడ సేల్స్ ట్యాక్స్ కూడా లేదు. అంతే. ధర తక్కువని ఎవరూ గ్యారంటీ ఇవ్వలేదు. ఇంకో ముక్క, షాపులో లేని డ్యూటీ మీరు ఇంటికి తిరిగొచ్చేటప్పుడు ఎదురవ్వొచ్చు. అమెరికాలో ఉండేవాళ్లకి ఈ వర్జిన్ ఐలాండ్స్ నుంచి మనిషికి 1,600 డాలర్ల సరుకు దాకా మినహాయింపు. మిగతా దేశాల నుంచైతే మామూలుగా 800 డాలర్లే. దాటితే కట్టాలి.

ఇవన్నీ నాకు ముందే తెలుసనుకోకండి. ఓడలో ముందురోజు సాయంత్రం ఒకావిడ స్టేజీ ఎక్కి షాపింగ్ క్లాసు చెప్పింది. ఏ దీవిలో ఏం కొనాలి, ఏ షాపు నమ్మకం అని మ్యాప్ ఇచ్చి, దాంతోపాటు ఫ్రీ లాకెట్ కూపన్లు కూడా చేతిలో పెట్టింది. నేను ఎగ్జామ్‌కి రాసుకున్నట్టు నోట్స్ రాసుకున్నా. మా ఆయన మాత్రం మ్యాప్ కింద చీమల్లాంటి అక్షరాలు జూమ్ చేసి చూపించాడు. ఆ లిస్టులో ఉండటానికి షాపులే డబ్బు కడతాయట! అంటే అది సలహా కాదు, యాడ్.

అయినా వెళ్లా. షాపాయన మర్యాదస్తుడే. కూర్చోబెట్టి చల్లటి నీళ్లిచ్చి, ఎర్ర వెల్వెట్ మీద గొలుసు పరిచాడు. లైట్లకి ధగధగా మెరిసిపోతోంది. ట్యాగ్ మీద 2,400 డాలర్లు. "ఆప్ కే లియే, సిస్టర్, 1,450" అన్నాడు. నా గుండె ఆగినంత పనయ్యింది. దాదాపు వెయ్యి డాలర్లు తగ్గించాడు!

మా ఆయన నెమ్మదిగా "బరువెంత?" అన్నాడు.

కాటా మీద పెట్టాడు. 18 గ్రాములు.

"ఎన్ని కారెట్లు?"

"ఫోర్టీన్."

ఫోన్‌లో కాలిక్యులేటర్ తీశాం. 14 కారెట్లంటే నూటికి 58.5 పాళ్లే బంగారం. 18 గ్రాముల్లో అసలు బంగారం పదిన్నర గ్రాములు. ఆ రోజు ప్రపంచ మార్కెట్ రేటు వేస్తే 700 డాలర్లు కూడా రాలేదు. మిగతా సగం పనితనం, అద్దె, ఏసీ, ఎర్ర వెల్వెట్! ఇందులో మోసం ఏమీ లేదు, ఏ షాపైనా తన ఖర్చులు వేసుకుంటుంది. 2,400 ట్యాగ్ చూసి 1,450 చవక అనుకోవడం మాత్రం నా తప్పే.

అయినా మనసు ఒప్పుకోలేదు. ఏడేళ్ల కోరిక కదా. ఉదయం పదిన్నర, తణుకులో రాత్రి ఎనిమిది. అమ్మకి వీడియో కాల్ చేశా.

"అమ్మా, ఇది ఎలా ఉందో చూడు."

"బాగుందే. ఎన్ని కారెట్లు?"

"పద్నాలుగు."

"పద్నాలుగా! రేపు అవసరమొస్తే దాన్ని తణుకులో ఎవడు తాకట్టు పెట్టుకుంటాడే? బంగారం అంటే అవసరానికి ఆదుకోవాలి. నా గొలుసు చూడు, ఏడేళ్ల నుంచీ బ్యాంకులో..."

అంతే, ఆగిపోయింది.

"బ్యాంకులోనా? అమ్మేశారు కదా?"

అటువైపు టీవీ మోత తప్ప ఏం వినపడలేదు. వెనకాల నుంచి నాన్న గొంతు, "చెప్పేయ్, ఇంకెన్నాళ్లు దాస్తావ్."

అమ్మలేదట. 60 వేలకి కుదువ పెట్టారట. ఏటా ఐదు వేలకి అటూ ఇటుగా వడ్డీ కట్టడం, లోన్ తిరగరాయించుకోవడం. ఏడేళ్లుగా ఇదే పని. "నీకు చెబితే మొదటి జీతంతోనే పంపేసేదానివి. అప్పటికి నీ చదువు అప్పు అలాగే ఉంది. తర్వాత పెళ్లొచ్చింది. ఆ తర్వాత మాకే అలవాటైపోయింది" అంది అమ్మ, కరెంటు బిల్లు గురించి చెప్పినంత మామూలుగా.

నాకు ముందు కోపం వచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. నేను కాఫీలకి పెట్టే ఖర్చుతో తీరిపోయే వడ్డీని వాళ్లు ఏటా దాచిపెట్టి కట్టారు. మూడేళ్లుగా అమ్మకి ఏం కొనాలా అని వెతుకుతున్నా గానీ, "ఇంట్లో అప్పులేమైనా ఉన్నాయా?" అని ఒక్కసారి కూడా అడగలేదు.

నా కళ్లలో నీళ్లు చూసి షాపాయన అదీ బేరమే అనుకున్నాడో ఏమో, "ఓకే సిస్టర్, 1,250. ఫైనల్" అన్నాడు! ఆ ఏడుపులోనూ నవ్వొచ్చింది. థ్యాంక్స్ చెప్పి లేచొచ్చేశాం. బయట నీడలో మెట్ల మీద కూర్చుని ఫోన్‌లోనే నాన్న అకౌంట్‌కి డబ్బు పంపా. అసలు, మిగిలిన వడ్డీ కలిపినా 1,450లో ఇంచుమించు సగమే అయ్యింది. అదే నాలుగు కాసులు అప్పట్లో కొత్తగా చేయించాలంటే రెండు లక్షలకి దగ్గర పడేది.

అలాగని ఆ దీవిలో ఏమీ కొనొద్దని నేననను. మా ఆయన పక్క దీవి సెయింట్ క్రాయ్‌లో తయారైన రమ్ము కొన్నాడు. మందు మీద పన్నులు ఎక్కువ కాబట్టి అక్కడ తేడా నిజంగానే కనిపిస్తుంది. 21 ఏళ్లు దాటిన అమెరికా వాసులు ఐదు లీటర్లు తెచ్చుకోవచ్చు, అందులో ఒక లీటరైనా అక్కడే తయారైంది కావాలి. నేనో చిన్న లారిమార్ రాయి కొనుక్కున్నా. ఆకాశం రంగులో ఉంటుంది, ప్రపంచంలో ఒక్క డొమినికన్ రిపబ్లిక్‌లోనే దొరుకుతుంది. దాన్ని తాకట్టు పెట్టలేం గానీ, చూసినప్పుడల్లా ఆ సముద్రం గుర్తొస్తుంది.

మీరూ ఎప్పుడైనా అలాంటి చోటికి వెళ్తుంటే నాలుగు మాటలు ఫోన్‌లో నోట్ చేసుకోండి.

బయల్దేరే ముందే మీకు కావాల్సిన వాచీ, పెర్ఫ్యూమ్ మీ ఊళ్లో ఎంతో స్క్రీన్‌షాట్ తీసుకోండి. పోల్చాల్సింది దాంతోనే, షాపులో కొట్టేసిన ట్యాగ్‌తో కాదు.

నగ అయితే గ్రాములు, కారెట్లు అడిగి అక్కడే లెక్కేయండి. తొందరపెడితే లేచి బయటికి రండి.

బిల్లులు దాచుకోండి, కస్టమ్స్ దగ్గర ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఒకే ఇంట్లో ఉండే కుటుంబమైతే మినహాయింపులు కలిపి వాడుకోవచ్చు.

ఆ నగే ఇండియాకి తేవాలంటే మన కస్టమ్స్ రూల్స్ వేరే. "డ్యూటీ ఫ్రీ షాపులో కొన్నానండీ" అంటే శంషాబాద్‌లో వదిలేయరు.

ఐదోది కూడా ఉంది, అది షాపింగ్ టిప్ కాదు. అమ్మానాన్నలకి పెద్ద గిఫ్ట్ ఏదైనా కొనే ముందు ఒక ఆదివారం ఫోన్ చేసి, ఇంటి లెక్కలు అడగండి. మొదటిసారి "ఏం లేవులే" అంటారు. రెండోసారి అడగండి.

నాన్న మర్నాడే బ్యాంకుకెళ్లి కట్టేశాడు. ఓడ తిరిగి మయామీ చేరేసరికి వాట్సాప్‌లో ఫొటో వచ్చి ఉంది. ఏడేళ్లు లాకర్‌లో ఉన్న గొలుసుని అమ్మ కుంకుడు రసంతో కడిగి మెడలో వేసుకుంది. కింద ఒకే ఒక్క మెసేజ్.

"22 కారెట్లు. చూసుకో."