ఇంగ్లీషు ముచ్చట్లు: పందికొక్కు డిక్షనరీకి ఎక్కిన వైనం



ఈమధ్య మనవాళ్ళ ఇళ్ళలో ఒక మాట తరచు వింటున్నాను. "అమ్మా, స్కూల్లో టీచరుతో నువ్వు మాట్లాడకు, నాన్నని మాట్లాడమను." తెలుగు మీడియంలో చదువుకున్న అమ్మ ఇంగ్లీషు పలికితే పిల్లలకి నామోషీ. అమ్మ నవ్వి ఊరుకుంటుంది. తర్వాత నెమ్మదిగా ఆ మీటింగులకి వెళ్ళడమే మానేస్తుంది. అందుకే ఈసారి పలకడం గురించే ముచ్చటిద్దాం. ముందుగా నాలుగు మాటలు.

బ్యాండికూట్: పెద్ద జాతి ఎలుక. ఇది అచ్చంగా మన పందికొక్కే! తెలుగు నుంచి ఇంగ్లీషులోకి వెళ్ళింది. ఆస్ట్రేలియాలో కడుపుసంచి ఉన్న వేరే జంతువుకి కూడా ఈ పేరే పెట్టారు.

ఒరాంగుటాన్: మలయ్ భాషలో 'ఒరాంగ్' అంటే మనిషి, 'హుతాన్' అంటే అడవి. మన 'వనమానుషం' లాంటి మాటే. సబాలోని సెపిలోక్‌లో 1964 నుంచి వీటికి పునరావాస కేంద్రం ఉంది.

అమక్: ఇదీ మలయ్ మాటే. ఒళ్ళు తెలియకుండా రెచ్చిపోవడం. వాడుక: "ద మంకీస్ ర్యాన్ అమక్." బత్తు గుహల మెట్ల మీద చేతిలో అరటిపండుతో నిలబడితే అర్థం వెంటనే తెలుస్తుంది!

కాంపౌండ్: మనం కాంపౌండు గోడ అంటామే, ఆ మాట. మలయ్‌లో పల్లెకి 'కంపుంగ్' అని పేరు. ఇది దాన్నుంచే వచ్చిందని డిక్షనరీలు చెబుతాయి. కౌలాలంపూర్ నడిబొడ్డున ఉన్న కంపుంగ్ బారులో ఉన్నదీ అదే మాట.

చూశారా? ఇంగ్లీషువాళ్ళకి పందికొక్కు నోరు తిరగలేదు. హుతాన్‌లో 'హ' జారిపోయింది. అయినా ఎవరూ నవ్వలేదు, ఆ మాటలు డిక్షనరీకి ఎక్కాయి. మరి అమ్మ పలుకుని చూసి నవ్వడం ఏం న్యాయం?

అలాగని దిద్దుకోనక్కర్లేదని కాదు. ఎదుటివారికి అర్థం కావాలి కదా! ఇంటిల్లిపాదీ కలిసి ఇవి సాధన చేయండి.

1. 'వెస్ట్' రెండు రకాలు. పడమర అనేటప్పుడు పెదవులు గుండ్రంగా చుట్టాలి. బనియను అనేటప్పుడు పై పళ్ళు కింది పెదవికి తాకాలి.

2. జంతువుల 'జూ'కి మన 'జ' చాలదు. 'స' అంటూ గొంతు కలిపితే ఆ శబ్దం వస్తుంది.

3. 'రికార్డ్' అనే మాట వస్తువు పేరైతే మొదటి అక్షరం ఒత్తి 'రెకర్డ్' అనాలి. చేసే పనైతే చివర ఒత్తి 'రికార్డ్' అనాలి.

మలేషియాలో ఇంకో తమాషా ఉంది. సి, ఏ, టి అని రాస్తే ఇంగ్లీషులో పిల్లి. మలయ్‌లో దాన్నే 'చాట్' అని చదవాలి, అర్థం గోడకి వేసే రంగు! ఏ, ఐ, ఆర్ అని రాస్తే ఇంగ్లీషులో గాలి, మలయ్‌లో నీళ్ళు.

పిల్లలూ, ఇదిగో మీ పని. వారానికి అయిదు ఇంగ్లీషు మాటలు అమ్మకి పలికి వినిపించండి. బదులుగా అయిదు తెలుగు మాటలు అమ్మ దగ్గర నేర్చుకోండి. 'కళ్ళు' అనబోయి 'కల్లు' అంటే తాతగారు ఎంత కంగారు పడతారో తెలుసా? మీరు తడబడినప్పుడు అమ్మ ఎంత ఓపిగ్గా దిద్దుతుందో గమనించండి. మీరూ అలాగే దిద్దండి. వచ్చే మీటింగుకి అమ్మని మీరే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళండి.

మళ్ళీ వచ్చే సంచికలో కలుద్దాం. సెలవు!